జీఆర్‌ఈ మాటల లిస్టు: బట్టీ పట్టాలా, వాక్యాల్లో నేర్చుకోవాలా?

వరంగల్_ఫైనలియర్: విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ ఇంకో రెండు నెలల్లో. క్వాంట్‌తో, అంటే లెక్కలతో పేచీ లేదు, వెర్బల్ దగ్గరే, అంటే ఇంగ్లీషు దగ్గరే టెన్షన్. మా రూమ్మేట్ రోజుకు నలభై మాటలు అర్థాలతో సహా గడగడా అప్పజెప్పేస్తున్నాడు. కోచింగ్‌లో మేడమ్ మాత్రం లిస్టు పక్కన పడేసి వ్యాసాలు చదవమంటున్నారు. ఎవరి మాట వినను?

రాత్రి_బ్యాచ్: లిస్టే తమ్ముడూ. వ్యాసాలు చదువుతూ మాటలు పోగేయాలంటే రెండేళ్లు కావాలి. మొదటి వెర్బల్ సెక్షన్‌లో 12 ప్రశ్నలకు 18 నిమిషాలే. పాసేజీలు చదవడం కూడా అందులోనే. 'గారులస్' కనబడగానే వాగుడుకాయ అని తట్టాలి, ఆలోచించే టైమ్ ఎక్కడిది? మర్చిపోతామని భయమైతే ఫోన్‌లో అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ వేసుకో. నువ్వు తడబడిన కార్డును త్వరగా, వచ్చిన కార్డును కొన్నాళ్లాగి అదే చూపిస్తుంది.

సుద్దముక్క: మీరు చెప్పిన పద్ధతి పాత పరీక్షకైతే సరిగ్గా సరిపోయేది. అప్పట్లో వ్యతిరేకపదాలు, అనాలజీలు (పదాల జంటల మధ్య సంబంధం పోల్చే ప్రశ్నలు) ఉండేవి, అర్థం తెలిస్తే చాలావరకు గట్టెక్కేవాళ్లు. 2011 ఆగస్టులో ఆ రెండూ ఎత్తేశారు. ఇప్పుడు ఖాళీలు పూరించాలి. ఒక రకంలో ఒకే ఖాళీకి ఆరు మాటలిచ్చి రెండు ఎంచమంటారు, ఒకటి తప్పినా మార్కు పోయినట్టే. ఆ ఆరింటిలో వాక్యానికి అతకని పర్యాయపదాల జంట కూడా ఉండొచ్చు. లిస్టు పిల్లలు సరిగ్గా అక్కడే పడతారు: జంట కనబడగానే నొక్కేస్తారు, వాక్యంలో 'అయినప్పటికీ' ఉందన్న సంగతే చూడరు.

ఇంకోటి. 'క్వాలిఫై' ఏ లిస్టులో కనబడ్డా మనవాళ్లు టిక్ పెట్టి దాటేస్తారు, ఎంసెట్ నాటి నుంచి వింటున్న మాట కదా. పాసేజీలో మాత్రం ఒక విమర్శకుడు తన మెప్పును 'క్వాలిఫై' చేశాడంటే, మెచ్చుకుంటూనే 'కాకపోతే' అని కాస్త తగ్గించాడని. ఆ ఒక్క మాట దగ్గర పాసేజీ మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది.

రాత్రి_బ్యాచ్: సార్, అలాంటివి వందకు ఎన్నుంటాయి? అసలు మాటే తెలియనివాడికి 'అయినప్పటికీ' కనబడి ఏం లాభం?

డాలస్_నుంచి: మీ వాదన మధ్యలో చిన్న మాట. తమ్ముడూ, ముందు నువ్వు అప్లై చేసే యూనివర్సిటీలు జీఆర్‌ఈ అడుగుతున్నాయో లేదో వాళ్ల సైట్‌లో చూడు. 2020 తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు ఐచ్ఛికం చేసేశాయి. ఆనక మీ ఇష్టం, కొట్టుకోండి.

వరంగల్_ఫైనలియర్: చూశానన్నా, నాకు కావాల్సిన రెండూ అడుగుతున్నాయి. సార్, నా లిస్టులోనూ ప్రతి మాటకూ ఒక వాక్యం ఇచ్చారు. అది సరిపోదా?

సుద్దముక్క: ఏ వాక్యం అన్నదే అసలు సంగతి బాబూ. 'లకానిక్' పక్కన 'మా మామయ్య లకానిక్ మనిషి' అని ఉందనుకో. ఆ మాట తీసేసి పొడుగు, పిసినారి, ఏది పెట్టినా వాక్యం నిలబడుతుంది. మరి దాన్నుంచి ఏం నేర్చుకున్నట్టు? అదే 'గంటసేపు అడిగినా ఊఁ, ఉహూఁ తప్ప పెదవి విప్పని లకానిక్ మామయ్య' అని ఉంటే, మాట మీద చెయ్యి అడ్డం పెట్టినా అర్థం పట్టేయొచ్చు. పరీక్షవాళ్లు ఇచ్చే ఖాళీ కూడా అచ్చం ఇలాంటిదే, ఆధారం వాక్యంలోనే పెడతారు. లిస్టులు ఇచ్చే అర్థాల సంగతి మరీ ఘోరం: లకానిక్‌కి 'టర్స్' అంటారు, టర్స్ చూస్తే 'సక్సింక్ట్' అంటారు, అదేమిటని చూస్తే మళ్లీ టర్స్ దగ్గరికే వస్తాం.

నేనైతే లిస్టు వద్దనను. కార్డు ముందువైపు ఒంటి మాట బదులు ఖాళీ ఉన్న వాక్యం రాయి, వెనకవైపు మాట. అంకీలో వేసుకో, నాకేం అభ్యంతరం లేదు.

రాత్రి_బ్యాచ్: ఒక్కో మాటకు అంత వాక్యం రాస్తూ కూర్చుంటే రెండు వందలు దాటకుండానే పరీక్ష వచ్చేస్తుంది. ముందు వెయ్యి మాటలు ముఖం గుర్తుపట్టేలా చేసుకోనివ్వండి. తడబడిన వాటికి మాత్రం మీ వాక్యాలు రాసుకుంటాడు. అంతవరకైతే నేనూ ఒప్పుకుంటా.

సుద్దముక్క: మరి తడబడకుండా తప్పుగా వచ్చినవాటి మాటేమిటి? 'ఎనర్వేట్' అంటే ఎనర్జీ ఇవ్వడమని ధీమాగా నొక్కేవాళ్లే ఎక్కువ. అర్థం నీరసపరచడం.

వరంగల్_ఫైనలియర్: ఇప్పుడే రూమ్మేట్‌ని పిలిచి 'టెంపర్' అడిగాను. కోపం అన్నాడు, నవ్వుతూ. తీవ్రత తగ్గించడం అని కూడా ఉందని ఫోన్‌లో చూపిస్తే నా చేతిలోంచి లాక్కుని చదువుతున్నాడు. ఈ రాత్రికి వాడు టిక్ పెట్టి దాటేసిన మాటల మీదే ఇద్దరం కూర్చుంటాం.