మన ప్లాట్‌ఫామ్ మీద షోకేస్ యాప్ మనమే చేసుకోవచ్చా?

సర్వే డేటా సేకరణకు మాదొక చిన్న ప్లాట్‌ఫామ్. బయటి డెవలపర్లు దాని మీద యాప్‌లు కట్టుకునేందుకు ఏపీఐ (వాళ్ల ప్రోగ్రాములు మా ప్లాట్‌ఫామ్‌తో మాట్లాడే మార్గం) విడుదల చేసి 14 నెలలైంది. రిజిస్టర్ అయిన డెవలపర్లు 40 మంది, నడుస్తున్న యాప్‌లు మూడే. డాక్యుమెంటేషన్ తిరగరాశాం, శాంపిల్ కోడ్ ఇచ్చాం, కదలిక లేదు.

చివరికి, మా ప్లాట్‌ఫామ్‌తో ఏం చేయొచ్చో చూపించడానికి ఫారాలు నింపే షోకేస్ యాప్ ఒకటి మేమే చేశాం. చేస్తుంటే మా లోపాలే బయటపడ్డాయి. నెట్ పోయి వచ్చాక సింక్ చేస్తే ఒకే ఎంట్రీ రెండుసార్లు పడుతోంది! ఏడాదిగా ఎవరూ చెప్పని బగ్ అది. ఆ మేలు కాదనలేను. కానీ యాప్ వచ్చిన 3 వారాలకే, అలాంటిదే చేస్తున్న ఒక డెవలపర్ పని ఆపేశారు. "మీతో మేమెక్కడ పోటీ పడగలం?" అన్నారు. మా యాప్ కూడా పబ్లిక్ ఏపీఐలే వాడుతుందని రాసిచ్చినా నమ్మకం కుదరలేదు. అప్పటి నుంచీ టెన్షన్‌గానే ఉంది.

1984లో ఆపిల్ మెకింటాష్‌తో పాటే మాక్‌రైట్ (రాసుకునే యాప్), మాక్‌పెయింట్ (బొమ్మలు గీసే యాప్) ఇచ్చింది. మౌస్‌తో ఏం చేయొచ్చో చాలామందికి వాటితోనే అర్థమైంది. 1987లో ఆ యాప్‌లను క్లారిస్ అనే తన అనుబంధ సంస్థకు అప్పగించింది. యాప్ కోసం అలా విడిగా సంస్థ పెట్టే స్తోమత మాకు లేదు.

ఇలాంటి పరిస్థితి చూసినవాళ్లు చెప్పండి: ఈ యాప్‌ను ప్రోడక్ట్‌గా కొనసాగించాలా, లేక సోర్స్ కోడ్‌తో సహా డెమోగా ఇచ్చేసి పక్కకు తప్పుకోవాలా?