ఒకే నెట్‌వర్క్ పోర్టుకి రెండు ఐపీలు: కరెంటు పోయి వస్తే రెండోది ఎగిరిపోతోంది

సత్యనారాయణపురం:
అన్నలూ, గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో సర్వర్ నేనే చూస్తాను. ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04, కేబుల్ పెట్టే నెట్‌వర్క్ పోర్టు ఒక్కటే. బిల్లింగుకో సాఫ్ట్‌వేర్, కాటా చీటీలకో సాఫ్ట్‌వేర్, రెండూ 8080 అనే పోర్టు నంబరే కావాలంటాయి, మార్చే వీల్లేదు. అందుకని 192.168.1.10కి తోడుగా 'ఐపీ యాడర్ యాడ్' కమాండుతో 192.168.1.20 కూడా ఇచ్చి, ఒక్కోదాన్ని ఒక్కో ఐపీకి కట్టాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. నిన్న రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చేతులెత్తేసింది, పొద్దున సర్వర్ లేచేసరికి .20 లేదు. బయట టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగి ఉన్నాయి, చీటీ ఒక్కటి రావట్లేదు, రైతులంతా నా మొహమే చూస్తున్నారు. ఇది శాశ్వతంగా ఉండాలంటే ఏం చేయాలి? నేనుండేది విజయవాడలో, ఎస్ఎస్‌హెచ్‌లోనే, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే చేయాలి. తప్పు పడి కనెక్షన్ తెగితే మళ్ళీ గుంటూరు బస్సెక్కాలి, అదే టెన్షన్.

బెంజిసర్కిల్:
తమ్ముడూ, ఆ కమాండు నడుస్తున్న కెర్నెల్‌కి (సిస్టమ్ గుండెకాయకి) చెప్పడం వరకే, డిస్కు మీద ఎక్కడా రాసిపెట్టదు. ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో రాయాలి. ముందు ఆ ఫైలుకి (యామల్ పద్ధతిలో ఉంటుంది) ఒక కాపీ తీసిపెట్టుకో. లోపల నీ కార్డు పేరు కింద 'అడ్రసెస్' ఉంటుంది, .10 ఉన్న వరస కిందే ఇంకో హైఫన్ పెట్టి 192.168.1.20/24 రాయి. హైఫన్లు రెండూ ఒకే నిలువులో ఉండాలి, స్పేసులే వాడు, ట్యాబ్ నొక్కితే ఒప్పుకోదు. గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ అడ్రసు) ఇప్పటికే ఉన్నది చాలు, రెండో ఐపీకి మళ్ళీ ఇవ్వకు. అయ్యాక నేరుగా 'అప్లై' కొట్టకు, 'నెట్‌ప్లాన్ ట్రై' కొట్టు. 120 సెకన్లలో నువ్వు ఎంటర్ నొక్కకపోతే పాత సెట్టింగ్ దానంతటదే తిరిగొస్తుంది, బస్సు సంగతి మర్చిపో.

బ్రాడీపేట:
ఇంకోటి చూసుకోండి. రౌటర్ తనంతట తాను ఐపీలు పంచే డీహెచ్‌సీపీ రేంజిలో .20 ఉందంటే ఎప్పుడో ఎవరి ఫోనుకో అదే ఐపీ ఇచ్చేస్తుంది, అప్పుడు కాటా ఒకసారి పనిచేసి ఒకసారి ఆగి మిమ్మల్ని పిచ్చెక్కిస్తుంది. ఇంకా, బూట్ అయ్యేటప్పుడు ఐపీ రాకముందే కాటా సర్వీసు లేస్తే కట్టుకోవడానికి అడ్రసు ఉండదు, ఎర్రర్ ఇచ్చి పడిపోతుంది. సర్వీసు ఫైల్లో 'ఆఫ్టర్', 'వాంట్స్' రెండింటికీ నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్ పేరు ఇవ్వండి, నెట్‌వర్క్ లేచాకే సర్వీసు మొదలవుతుంది.

సత్యనారాయణపురం:
ఫైల్లో రాశాను. కానీ ఐపీలు చూపించే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండులో .20 కనపడట్లేదు, పింగ్ మాత్రం అవుతోంది, ఏంటిది?

బెంజిసర్కిల్:
లేబుల్ (విడిగా పేరు) లేని రెండో ఐపీని ఐఎఫ్‌కాన్ఫిగ్ చూపించదు. 'ఐపీ యాడర్' కొట్టు, .20 పక్కన 'సెకండరీ' అని ఉంటుంది. ఆ సర్వర్ బయటికి పంపేదంతా మామూలుగా .10 పేరు మీదే వెళ్తుంది, ఎక్కడైనా ఫైర్‌వాల్లో ఐపీ రాసిస్తే అది గుర్తుపెట్టుకో.

సత్యనారాయణపురం:
రాత్రి కొట్టు మూశాక రీబూట్ చేశాను. ఐపీ వచ్చింది, కాటా సర్వీసు మాత్రం బ్రాడీపేట గారు చెప్పినట్టే పడిపోయింది. ఆ రెండు వరసలు కలిపి మళ్ళీ రెండుసార్లు రీబూట్ చేశాను, రెండుసార్లూ నిలబడింది. రౌటర్లో రేంజి 2 నుంచి 254 దాకా ఉంది, 100 నుంచి మొదలయ్యేట్టు మార్చాను. పొద్దున మొదటి చీటీ ఆరున్నరకే వచ్చిందని గుమస్తా ఫోన్ చేశాడు.