మంగేరా జెండా మ్యూజియం గోడకెక్కితే అది గౌరవమేనా?

సన్నాయి:
2019 రియో కార్నివాల్‌లో మంగేరా సాంబా స్కూల్ (అంటే బడి కాదు, కార్నివాల్ ఊరేగింపుల్లో పోటీపడే పేట జట్టు) బ్రెజిల్ జెండాని తన రంగుల్లోకి మార్చేసింది. ఆకుపచ్చ, గులాబీ, తెలుపు. మధ్యలో "క్రమం, ప్రగతి" ఉండాల్సిన చోట "ఆదివాసులు, నల్లవాళ్లు, పేదలు" అని ఉంది. చేయించింది ఆ స్కూల్ డిజైనర్ లేయాంద్రో వియేరా. ఆ ఏడాది టైటిల్ కూడా వాళ్లదే. తర్వాత ఆ జెండా రియో ఆధునిక కళా మ్యూజియంలోకి వెళ్లింది. అందరూ చప్పట్లు కొట్టారు కానీ నాకు మింగుడుపడలేదు.

1965లో ఇదే మ్యూజియంలో ఒక ప్రదర్శన మొదలైన రోజు, హేలియో ఒయిటిసికా అనే ఆర్టిస్టు మంగేరా డాన్సర్లని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల ఒంటి మీద ఆయన కుట్టించిన రంగురంగుల గుడ్డలు, పరంగోలేలు. లోపల ఆడనివ్వలేదు. బయటే ఆడారు. అప్పుడు మనుషులు పనికిరాలేదు, ఇప్పుడు వాళ్ల గుడ్డ పనికొచ్చిందా?

పిచ్చుకగూడు:
సన్నాయి గారూ, గెంటేసిన గుమ్మంలోంచే జెండా లోపలికెళ్లింది. ఇది గెలుపు కాకపోతే ఏమిటండీ? ఊరేగింపు గంట పైచిలుకు. అది అవగానే బోలెడు వేషాలు దారి చివర రోడ్డు మీదే వదిలేసి పోతారు. ఎవరో ఒకరు దాచాలి కదా.

రాత్రిబండి:
దాచడం సరే, ఎవరి పేరు మీద? మ్యూజియంలో పక్కన పెట్టే అట్ట మీద ఒక్క డిజైనర్ పేరే ఉంటుంది. స్కూల్ షెడ్డులో రాత్రిళ్లు కుట్టిన ఆడవాళ్ల పేర్లేవి? ఇది పాత కథే. 1960లో సాల్గేరో స్కూల్ పారిపోయిన బానిసల రాజ్యం పల్మారెస్‌ని ఊరేగింపు కథగా వీధిలోకి తెచ్చింది. గొప్ప పనే, కాదనను. కానీ ఇప్పటికీ అందరూ చెప్పేది ఫైన్ ఆర్ట్స్ నుంచి వచ్చిన డిజైనర్ ఫెర్నాండో పంప్లోనా పేరే.

సన్నాయి:
అదీ పాయింటు. ఇంకోటి వినండి. 1988, బానిసత్వం రద్దయి నూరేళ్లు. విలా ఇజబెల్ స్కూల్ 'కిజోంబా' ఊరేగింపు తీసింది. డబ్బుల్లేక తళుకులు మానేసి గడ్డీ గాదంతో వేషాలు కట్టి టైటిల్ కొట్టారు. విజేతల ఊరేగింపులో మళ్లీ చూద్దామంటే వానలకి అదీ రద్దయింది. ఒక్కసారే జరిగింది. అయినా ఆ పాట ఇప్పటికీ పాడుతున్నారు. ఏ మ్యూజియం కాపాడింది దాన్ని?

పిచ్చుకగూడు:
పాట నోట్లో ఉంటుందండీ, ఒప్పుకుంటా. ఆ గడ్డి వేషం ఎలా కట్టారో నేర్చుకోవాలనుకునే పిల్లని ఎక్కడికి పంపమంటారు?