లాస్ట్ వైకింగ్స్‌లో సెలెక్ట్, ఎల్ నొక్కితే ఆట వెనక్కి వెళ్లిపోతోంది (ఇంటి ఆర్కేడ్, రెట్రోపై)

ప్రశ్న:
మెషీన్‌లో రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటర్ బోర్డు), అందులో రెట్రోపై (పాత ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్), జీరో డిలే యూఎస్‌బీ ఎన్‌కోడర్లు (బటన్లు, స్టిక్ వైర్లను కంప్యూటర్‌కి కలిపే బోర్డులు) రెండు. ఒక్కో ప్లేయర్‌కి 30 ఎంఎం బటన్లు ఆరు, స్టార్ట్, సెలెక్ట్‌లకు 24 ఎంఎంవి. ఆడేది లాస్ట్ వైకింగ్స్ (ముగ్గురు వైకింగ్‌లను మార్చి మార్చి నడిపించే ఆట), సూపర్ నింటెండో వెర్షన్. సెలెక్ట్‌తో సామాన్ల పెట్టె తెరిచి, వెంటనే ఎల్ నొక్కి ఇంకో వైకింగ్‌కి మారబోతే ఒక్కోసారి ఆట ఎప్పటిదో పాత చోటికి పోతోంది. నిచ్చెన మీద స్టిక్ పైకి తోస్తే మనిషి పక్కకి జారుతున్నాడు. మిగతా ఆటల్లో ఏ ఇబ్బందీ లేదు. ఎన్‌కోడర్ పోయిందంటారా?

జవాబు 1:
ఎన్‌కోడర్ బాగానే ఉందండి. రెట్రోపైలో మనం మార్చకపోతే సెలెక్టే హాట్‌కీ (వేరే బటన్‌తో కలిపి నొక్కితే రెట్రోపైకి ఆదేశాలిచ్చే బటన్). దాన్ని పట్టుకుని ఆర్ నొక్కితే స్టేట్ (ఆట ఆ క్షణంలో ఉన్న స్థితి) సేవ్ అవుతుంది, ఎల్ నొక్కితే ఆ సేవ్ లోడ్ అవుతుంది. సెలెక్ట్ మీద వేలు తీయకముందే ఆర్ తగిలి మీకు తెలియకుండానే ఎప్పుడో సేవ్ అయి ఉంటుంది, ఇప్పుడు ఎల్ దాన్నే వెనక్కి తెస్తోంది. మిగతా ఆటల్లో సెలెక్ట్‌తో పెద్దగా పని ఉండదు కాబట్టి బయటపడలేదు.

హాట్‌కీకి వేరే బటన్ పెట్టండి. ఎన్‌కోడర్ బోర్డులో బటన్లకు 12 సాకెట్లు ఉంటాయి, మీరు వాడేది 8. ఖాళీ సాకెట్‌కి ఒక 24 ఎంఎం బటన్ కలిపి, చేయి తగలకుండా క్యాబినెట్ పక్క చెక్కకి బిగించండి. మోడ్, ఆటో, టర్బో అని రాసిన పిన్నులకు మాత్రం కలపొద్దు, అవి మామూలు బటన్లలా పనిచేయవు. తర్వాత స్టార్ట్ మెనూలో కాన్ఫిగర్ ఇన్‌పుట్‌కి వెళ్లి అన్నీ మళ్లీ కేటాయించండి. లేని వాటి దగ్గర ఏదో ఒక బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే దాటిపోతుంది. చివర్లో హాట్‌కీ ఎనేబుల్ అని అడుగుతుంది, అక్కడ కొత్త బటన్ నొక్కాలి. దాన్ని కూడా దాటేస్తే సెలెక్ట్‌నే హాట్‌కీగా పెట్టమంటారా అని అడుగుతుంది, వద్దనండి. ఇక ఆట నుంచి బయటికి రావాలంటే కొత్త బటన్, స్టార్ట్ కలిపి నొక్కాలి.

జవాబు 2:
నిచ్చెన సంగతి స్టిక్‌దే. 8 దిక్కుల గేట్‌లో (గేట్ అంటే స్టిక్ కదలికకు హద్దు పెట్టే చట్రం) పైకి తోసేటప్పుడు కొంచెం వాలినా పక్క మైక్రోస్విచ్ కూడా నొక్కుకుంటుంది. ఈ ఆటకి మూల దిక్కులతో పని లేదు. సాన్వా జేఎల్ఎఫ్ లాంటి స్టిక్ అయితే కింద ఉన్న చతురస్రపు ప్లాస్టిక్ గేట్ తీసి, 45 డిగ్రీలు తిప్పి మళ్లీ బిగించండి, 4 దిక్కులది అయిపోతుంది. ఫైటింగ్ ఆటలకి తిరిగి మార్చక తప్పదు.

బటన్లు పై వరుసలో వై, ఎక్స్, ఎల్, కింద బి, ఎ, ఆర్ ఉంచండి. ముగ్గురు వైకింగ్‌లలో ఎరిక్ బితో గెంతుతాడు, వైతో తలతో గుద్దుతాడు. వైకింగ్‌ని మార్చే ఎల్, ఆర్ ఉంగరం వేలి కిందికి వస్తాయి. రెండు ఎన్‌కోడర్ల పేరూ ఒకటే కాబట్టి రెట్రోపై రెండింటికీ ఒకే సెట్టింగ్ వాడుతుంది. రెండో బోర్డుకీ వైర్లు అదే వరుసలో పెట్టకపోతే రెండో ప్లేయర్ బటన్లు తారుమారవుతాయి.

ప్రశ్న అడిగినవారు:
రెండూ కుదిరాయండి, చాలా థ్యాంక్స్. స్టేట్ సేవ్ వాడుకోవచ్చా?

జవాబు 1:
లెవెల్ మొదట్లో మాత్రమే. ముగ్గురిలో ఒక్కరు చనిపోయినా లెవెల్ పూర్తికాదు. వాళ్లలో ఓలాఫ్ పోయాక చూసుకోకుండా సేవ్ చేస్తే, ఆ స్లాట్‌లో ఉన్న మంచి సేవ్ కూడా పోయినట్టే. ప్రతి లెవెల్‌కీ నాలుగక్షరాల పాస్‌వర్డ్ ఉంటుంది (రెండోదానికి జి, ఆర్, 8, టి). అవి కాగితం మీద రాసి క్యాబినెట్ లోపల అంటించండి.

జవాబు 3:
ముగ్గురు కలిసి ఆడాలంటే సూపర్ నింటెండోది ఇద్దరికే. సెగా జెనెసిస్ వెర్షన్‌లో ముగ్గురూ ఆడొచ్చు, అదనంగా 5 లెవెళ్లు కూడా ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పై బదులు పీసీ పెట్టే ఆలోచన ఉంటే, 2021లో వచ్చిన బ్లిజార్డ్ ఆర్కేడ్ కలెక్షన్ కొనండి. అందులో సూపర్ నింటెండో బొమ్మలు, ధ్వనులతోనే ఆ లెవెళ్లూ ముగ్గురి ఆటా దొరుకుతాయి. మూడో ప్లేయర్‌కి ప్యానెల్‌లో చోటు లేకపోతే ముందు వైపు ఒక యూఎస్‌బీ పోర్ట్ పెట్టి మామూలు గేమ్‌ప్యాడ్ తగిలిస్తే సరిపోతుంది.