12 ఏళ్ల అమ్మాయికీ నాకూ తక్కువలో షాట్‌గన్: 20 గేజా, 12 గేజా?

ఫ్రిస్కో_నాన్న:
మా అమ్మాయి ఏడో తరగతి, సన్నగా ఉంటుంది. స్కూల్ క్లే టార్గెట్ (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లలను కాల్చే ఆట) టీమ్‌లో చేరతానంటోంది. తనతో పాటు నేనూ నేర్చుకుందామని ఉంది. ఇద్దరికీ కలిపి బడ్జెట్ వెయ్యి డాలర్లు. షాపతను తనకు .410, నాకు 12 గేజ్ పంప్ (ప్రతిసారీ ముందు పిడి లాగి తోసి తూటా ఎక్కించేది) తీసుకోమన్నాడు. గేజ్ అంటే గొట్టం లావు, అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దదట; .410 అయితే 20 కన్నా సన్నమట. చిన్నపిల్లకు చిన్న తుపాకీ అని ఆయన లెక్క. ట్రాప్ (క్లే టార్గెట్‌లో ఒక రకం) ఆడేవాళ్లు ఏమంటారు?

క్లే_పిచ్చోడు:
.410 మాత్రం వద్దు బ్రదర్. తన్నుడు (కాల్చగానే తుపాకీ భుజాన్ని వెనక్కి నెట్టడం) తక్కువే, కాదనను. కానీ మామూలు టార్గెట్ తూటాలో అర ఔన్సు సీసపు గుండ్లే ఉంటాయి. బిళ్లలు విసిరే యంత్రానికి 16 గజాల వెనక నిలబడి, దూరంగా దూసుకుపోతున్న 11 సెంటీమీటర్ల బిళ్లను దాంతో పగలగొట్టడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. వరసగా పది మిస్సయితే పిల్లకు ఆట మీద మనసు ఉంటుందా? పైగా 12, 20 కన్నా .410 తూటాలే ఖరీదు.

ఒంగోలు_సత్తి:
మోస్‌బర్గ్ 500 సూపర్ బాంటమ్, 20 గేజ్ పంప్. బట్ (భుజానికి ఆనే వెనక భాగం) పొట్టిగా ఉంటుంది, పిల్ల ఎదిగేకొద్దీ స్పేసర్లు (మధ్యలో బిగించే ముక్కలు) పెట్టి పెంచుకోవచ్చు. మీకు అదే 500లో పెద్ద సైజు. చవకలో ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

క్లే_పిచ్చోడు:
సత్తి అన్నా, ఇక్కడ ఒప్పుకోను. ఒక రౌండ్‌కు 25 బిళ్లలు, లీగ్‌లో వారానికి రెండు రౌండ్లు. పంప్‌లో పేలుడు బలమంతా నేరుగా భుజానికే వస్తుంది. పిల్లల మోడల్ తేలిక, తేలిక తుపాకీయే ఎక్కువ తంతుంది. అదే 7/8 ఔన్సు గుండ్ల తూటాను ఏడున్నర పౌన్ల 12 గేజ్ గ్యాస్ సెమీ ఆటోలో (తర్వాతి తూటాను తనే ఎక్కించుకునే రకం) కాల్చి చూడండి. పేలుడు గ్యాస్‌లో కొంత తుపాకీ మెకానిజాన్ని నడపడానికి పోతుంది, తన్నుడు ఒక్కసారిగా కాకుండా సాగి మెత్తగా తగులుతుంది. భుజం నొప్పికి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునే అలవాటు పడిందంటే మాన్పించడం మహా కష్టం.

అందుకే నా మాట: రెండు వద్దు, బెరెట్టా ఎ300 లాంటిది ఒకటి తీసుకుని ఇద్దరూ వంతులేసుకోండి. సెకండ్‌హ్యాండ్‌దైనా పర్లేదు. ఇనర్షియా రకం (గ్యాస్‌తో కాక తన్నుడు ఊపుతోనే నడిచేది) జోలికి మాత్రం వెళ్లొద్దు, తేలిక తూటాలకు కొన్ని మొరాయిస్తాయి.

ఇద్దరి_అమ్మ:
లెక్క బాగుంది గానీ మీరు చేతుల సంగతి మరిచారు. మావాడికి ఆ వయసులో 12 గేజ్ ఇస్తే రెండో రౌండ్‌కల్లా గొట్టం కిందికి దిగిపోయేది. నడుము వెనక్కి వంచి నిలబడేవాడు, అలా నిలబడితే తన్ను ఇంకా గట్టిగా తగులుతుంది. గ్యాస్ మంచిదే, కానీ 20 గేజ్‌లో తీసుకోండి. మోస్‌బర్గ్ ఎస్ఏ-20, ట్రైస్టార్ వైపర్ జీ2 రెండూ తక్కువ ధరవే.

ఇంకొకటి, అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో 12, 20 రెండూ పెట్టకండి. 20 తూటా 12 గొట్టంలో పడితే జారిపోయి ముందు ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనక 12 తూటా పెట్టి కాల్చారా, గొట్టం పగిలిపోతుంది. 20 తూటాలకు పసుపు రంగు వేసేదే అందుకు. కొత్తగా నేర్చుకునే తండ్రీ కూతుళ్లు ఒకే జేబుల చొక్కా మార్చుకుంటుంటే ఆ రంగు ఎవరు చూస్తారు? నాన్న కూడా 20 కాల్చవచ్చు, 7/8 ఔన్సుకు బిళ్ల పగలక మానదు.

క్లే_పిచ్చోడు:
తూటాలు కలవడం గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. బరువు దగ్గరా తగ్గుతాను. కానీ ఇద్దరికీ కలిపి వారానికి నాలుగు డబ్బాల తూటాలు. రెండు సీజన్లలో తుపాకీ ధర దాటిపోవచ్చు. 12 గేజ్‌వి సాధారణంగా చవక, ఎక్కడైనా దొరుకుతాయి.

పాత_కాపు:
చదివే మిగతావాళ్ల కోసం: హెచ్‌1బీ, ఎఫ్‌1, హెచ్‌4లో ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే రూలు. గ్రీన్‌కార్డ్ వాళ్లకు ఈ అడ్డు లేదు. ఇక మీ ఫ్రిస్కో ఉన్న టెక్సస్‌లో లోడ్ చేసిన తుపాకీని నిర్లక్ష్యంగా వదిలేసి, అది 17 లోపు పిల్లల చేతికి అందితే నేరం. లాకర్ డబ్బు బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టండి.

ఫ్రిస్కో_నాన్న:
థాంక్సండీ, నాది గ్రీన్‌కార్డే. శనివారం రేంజ్‌కెళ్లి 20 గేజ్ గ్యాస్ ఒకటి అద్దెకు తీసుకుని ఇద్దరం కాల్చి చూశాం. తనకు నచ్చింది. అయితే కోచ్ పరీక్షిస్తే తనకు ఎడమ కన్ను బలంగా ఉందట (గురి ఆ కంటితోనే చూస్తుందట), రాసేదేమో కుడిచేత్తో. ఇప్పుడేం చేయాలి?

ఇద్దరి_అమ్మ:
ఎడమ భుజం మీదే మొదలుపెట్టించండి. ఇంకా ఏ అలవాటూ పడలేదు కాబట్టి సులువు. రెండు కళ్లూ తెరిచి కాల్చగలుగుతుంది. కొనేముందు ఆ మోడల్‌లో ఎడమచేతి వాటానికి సేఫ్టీ బటన్ మార్చే వీలుందో లేదో అడగండి. ఖాళీ డొప్పలు కుడివైపు ఎగురుతాయి, ఆమె ముఖం ముందు నుంచే. కళ్లద్దాలు లేకుండా లైన్‌లో నిలబడనివ్వకండి.

ఒంగోలు_సత్తి:
500 పంప్ సేఫ్టీ పైనే ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. ఊరికే చెబుతున్నా 😄