వైబ్రేషన్‌తో పిల్లలకు కథ: చేసినవాళ్ళు చెప్పండి

కావలి_అక్క: మా చెల్లెలి కూతురికి ఆరేళ్ళు, పుట్టుకతోనే వినపడదు. తుమ్మలపెంట సముద్రం కథ ఫోన్ వైబ్రేషన్‌తో చెప్పబోయాను. అల వచ్చినా, పడవ కదిలినా ఒకటే గుర్రు. ఏ ఫోన్ కొనాలి? బొమ్మల పుస్తకంతో కలపొచ్చా?

ట్రంకురోడ్డు_రిపేర్: పన్నెండేళ్ళుగా నెల్లూరులో ఫోన్లు విప్పుతున్నా. ఫోన్‌లో వణుకు పుట్టించే బిళ్ళ మోటారులో ఒకపక్క బరువు ఉండి గిర్రున తిరుగుతుంది. వేగం పెరిగితేనే బలం పెరుగుతుంది. మొదలవడానికీ ఆగడానికీ టైం పడుతుంది. అందుకే అన్నీ ఒకేలా ఉంటాయి.

ఒంగోలు_ఈసీఈ: బిళ్ళ అయితే తిరిగేదేనా? తిరగకుండా అటూ ఇటూ ఊగే లీనియర్ రకమూ బిళ్ళలాగే వస్తుంది. లోపల స్ప్రింగు, అయస్కాంతం ఉంటాయి.

ట్రంకురోడ్డు_రిపేర్: నాకా చెప్తున్నావు తమ్ముడూ? అలాంటిదొకటి బ్యాటరీకి పెట్టా. టక్‌మని ఆగిపోయింది. పాడైన సరుకని డబ్బాలో పడేశా.

ఒంగోలు_ఈసీఈ: పాడవలేదన్నా! అటూ ఇటూ ఊగేదానికి ఏసీ, అంటే దిశ మారుతూ ఉండే కరెంటు కావాలి. బ్యాటరీలా ఒకే దిశలో పోయే డీసీ ఇస్తే ఒక పక్కకు జరిగి అక్కడే ఉంటుంది. తెలియకుండా మంచివి పారేయకండి.

కందుకూరు_శ్రీను: మోటార్ల గొడవ ఆపండయ్యా. నాకు చూపు లేదు. ఒకాయన వైబ్రేషన్ కథల యాప్ చేతిలో పెట్టాడు. ఏ వణుకు ఏమిటో చెప్పనేలేదు, నాకు చాలా కోపమొచ్చింది. బ్రెయిలీలో ఆరు చుక్కలే, కానీ ఏ అమరిక ఏ అక్షరమో ముందే నేర్పారు. అక్కా, ముందు పాపకు అల తాకించు.

మార్కాపురం_అమ్మమ్మ: అరచేతిలో పప్పు పెట్టి, నెయ్యి వేసి, వేళ్ళను చేతిమీద నడిపించే ఆట మరిచారా? మా మనవడు వేళ్ళు చంక చేరకముందే నవ్వేవాడు. మోచేతి దగ్గర ఆపి ఊరించాలి. కథంతా అక్కడే ఉంది.

ఒంగోలు_ఈసీఈ: అమ్మమ్మగారూ, ఎంతసేపు ఆగాలో యాప్‌లో ముందునుంచే రాసుకోవచ్చు, ఎంత బలంగా వణకాలో కూడా రాసుకునే వీలు 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చింది. ఫోన్ మోటారు ఒప్పుకోవాలి, అంతే. మన చర్మం 250 హెర్ట్జ్, అంటే సెకనుకు 250 సార్లు ఊగే దగ్గర వణుకును బాగా పసిగడుతుంది.

ట్రంకురోడ్డు_రిపేర్: ఆ బిళ్ళ డబ్బాలోంచి తీసి, ఏసీ ఇచ్చే ఆంప్లిఫయర్‌కు కలిపా. ఊగింది. కానీ చవక ఫోన్లలో తిరిగేదే ఎక్కువ. ఆ మాట వెనక్కి తీసుకోను.

కావలి_అక్క: ఆదివారం తుమ్మలపెంట వెళ్ళాం. పాప ఒక చేయి తడి ఇసుకలో పెట్టించి, అల వచ్చినప్పుడల్లా రెండో అరచేతిమీద నా వేళ్ళు పాకించాను. రాత్రి తనే నా చేయి లాక్కుని అల చేసింది. పడవ దగ్గర ఆగి, నా ముఖం చూసింది. ఫోన్ ఏది కొనాలో మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.