నిమిషానికి 111 బీట్ల పాట నుంచి 127 బీట్ల పాటకి ఎక్కడానికి ఏ రికార్డు వెయ్యాలి?
ఫ్రెండ్ పార్టీలో మొత్తం వినైల్ రికార్డుల మీదే వాయిస్తానని గొప్పగా ఒప్పేసుకున్నా. ఇప్పుడు ఒక్క చోట ఇరుక్కున్నా.

షిక్ వాళ్ల 'గుడ్ టైమ్స్' (1979) నిమిషానికి దాదాపు 111 బీట్లు. వెంటనే డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్' (1977) వెయ్యాలని నా ఆశ. అదేమో 127 దగ్గరుంటుంది. నా టర్న్‌టేబుల్ పిచ్ (రికార్డు వేగం పెంచి తగ్గించేది) అటూ ఇటూ 8 శాతమే. రెండింటినీ చెరోవైపు లాగి చూశా: గిటార్ కిచకిచలాడింది, సమ్మర్ గొంతు నిద్రమత్తులో పాడినట్టుంది. పైగా షిక్ డ్రమ్స్ మనిషి వాయించినవి కదా, కాసేపటికే బీటు పక్కకి జారుతోంది. సమ్మర్ పాటలో నిర్మాత మొరోడర్ వాడిన మూగ్ సింథసైజర్ మాత్రం గోడ గడియారమే!

అక్కడినుంచి న్యూ ఆర్డర్ 'బ్లూ మండే' 130కి వెళ్లడం తేలికే.

మధ్యలో 118, 120 బీట్లలో, మొదట్లో ఉత్త డ్రమ్స్ ఉండే పన్నెండంగుళాల రికార్డు మీరు వాడేదేదైనా ఉంటే చెప్పండన్నా. లేక మిక్స్ (రెండు పాటల బీటు కలిపి మెల్లగా మారడం) మానేసి టక్కున కట్ చేసేయమంటారా?